టోపీ తీస్తే కాల్చాలి

పచ్చివి ఎర్రగా ఉంటాయి, పండినవి నల్లగా, ఇందులో తికమకపడటానికి ఏముంది, పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ ప్రతి సెప్టెంబరులోనూ ఇదే బల్ల దగ్గర కూర్చుని చోక్‌చెర్రీలు ఏరుతూనే ఉంది ఆర్విల్లా, చెయ్యి దానంతటదే పోవాలి, తొడిమ ఇటు, పండు అటు, పుచ్చు కింద బకెట్లోకి, కానీ ఇవాళ ఒక్కో పండునీ వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వైపు తిప్పి, తల కాస్త పక్కకి వాల్చి చూస్తే తప్ప తెలియడం లేదు, మబ్బు పట్టింది మరి, పైగా వంటింట్లో ఆ పసుపు బల్బు, చవగ్గా వచ్చాయని మొగుడు రాయిస్ డజను తెచ్చి పడేశాడు, దాని వెలుతురులో ఎర్రదీ నల్లదీ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, పాకంలో నాలుగు పచ్చివి పడితే ఏమవుతుందిలే, కాస్త వగరు, ఇంకో గరిటెడు పంచదార, అంతే, అసలు మనసు పళ్ళ మీద ఉంటే కదా, బల్ల ఆ చివర తువ్వాలు పరిచి పెట్టిన మూడింటి మీద ఉంది, రెండు జతల బైనాక్యులర్లు, మూడుకాళ్ళ స్టాండు మీద ఒక ఒంటికంటి దుర్భిణి, వీటిలో ఏది ఉంచుకుంటుందో తేల్చుకుని మిగిలినవి రేపు ఈనిడ్ కొట్టుకి తిరిగిచ్చేయాలి.

ఈనిడ్ మంచిది, మేకులూ పశువుల ఉప్పూ తూటాలూ చలి బూట్లూ ఒకే గదిలో పెట్టి అమ్ముతుంది, ఏది అడిగినా ముందు ఎందుకూ అని అడుగుతుంది, పెట్టెల మీద అచ్చువేసింది నమ్మకమ్మా, ఇంటికి పట్టుకెళ్ళి మీ కిటికీలోంచి మీ కొండనే చూసుకో, నా కొట్లో దీపాల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి, డ్యాన్సు హాల్లో మగాళ్ళలాగా, అని తన మాటకి తనే నవ్వుకుంటూ కట్టి ఇచ్చింది, బాయనా కూడా తీసుకోలేదు, డబ్బాలో ఉన్నది మూడు వందల డాలర్లని ముందే చెప్పేసింది ఆర్విల్లా, చెప్పకపోతే ఈనిడ్ ఆ గాజు బీరువాలో తాళం వేసిన జర్మనీ వాటిని చూపించేది, చూశాక ఇంకేదీ కంటికి ఆనదు, మూడు వందల్లో దారులు రెండే, పది రెట్లు దగ్గరగా చూపించే చవక జతా, ఎవరో వాడి అమ్మేసిన ఒంటికంటి దుర్భిణీ, రెండూ కలిపి వస్తాయి, లేదంటే డబ్బంతా పోసి ఎనిమిది రెట్లు చూపించే మంచి జత ఒక్కటే వస్తుంది, దుర్భిణి మాట మరిచిపోవాలి, పదీ ఎనిమిదీ అంటే ఎవరైనా పదే అంటారు, కాఫీ హోటల్లో కూర్చునే వాళ్ళందరూ పదే అన్నారు, కానీ పది రెట్లంటే చెయ్యి వణుకు కూడా పది రెట్లే, కొండెక్కి ఆయాసపడుతూ పట్టుకుంటే లోయ మొత్తం గుండెతో పాటు కొట్టుకుంటుంది, అదీ కాక వాటిని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని వెనక అద్దంలోకి చూస్తే గుండ్రంగా ఒక వెలుతురు బిళ్ళ కనిపిస్తుంది, అది ఎంత పెద్దదైతే చీకటివేళ అంత బాగా పనిచేస్తుంది, ఎనిమిదిలో బఠాణీ గింజంత ఉంది బిళ్ళ, పదిలో అంతకంటే చిన్నది, పైగా దాని అంచులు నాలుగు పక్కలా కోసేసినట్టు ఉన్నాయి, లోపల చవక గాజు పెట్టారని దానర్థం, జింకలు మిట్టమధ్యాహ్నం వచ్చి నిలబడవు కదా, పొద్దు పొడవకముందూ పొద్దుగుంకిన తరువాతా కాసేపు, ఆ కాసేపటికే ఇంత ఖర్చు, అయితే ఎనిమిదే తీసుకోవాలి, మరి కొమ్ములు ఎన్ని చీలికలో, అది గాడిదచెవుల జింకా తెల్లతోకదా, దాని వెనక ఏముందో, అది చూడాలంటే దుర్భిణి ఉండాలి, వెనక ఏముందో, వెనక ఏముందో అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

జింకను రాయిస్ కాలుస్తాడు, జింక వెనకున్నది ఆర్విల్లా చూస్తుంది, అదీ ఈ ఇంట్లో పద్ధతి, ఎవరూ కూర్చుని పెట్టుకున్నది కాదు, ఏడాదికేడాదీ అదే అలా కుదిరిపోయింది, ఆమె తెల్లవారుజామున రాతిగట్టు మీదికెక్కి సేజ్ పొద చాటున కూర్చుంటుంది, అతను కింద ఎండిన వాగులో తుపాకీతో పడుకుంటాడు, వేటలో రేడియోల్లో మాట్లాడుకోకూడదని చట్టం, అందుకని టోపీ, టోపీ మోకాలి మీద ఉంటే ఆగమని, పైకెత్తి ఊపితే లేడి అని, తీసి గుండెకి ఆనించుకుంటే మగజింక, వెనక అంతా ఖాళీ, కాల్చు అని, తుపాకీ మీదుండే దుర్భిణితో వెతకకూడదు, దానితో దేన్ని చూసినా తుపాకీని దానిమీదికి తిప్పినట్టే, ఆ నియమం రాయిస్‌కి వాళ్ళ నాన్న చెంపదెబ్బ కొట్టి నేర్పాడట, అందుకే అతను కళ్ళతో గట్టు మీది టోపీనే చూస్తూ పడుకుంటాడు, టోపీ కదిలేదాకా తుపాకీ ఎత్తడు, ఊళ్ళో వాళ్ళకి ఇదొక వేళాకోళం, రాయిస్‌కి తుపాకీ ఉంది, కళ్ళు మాత్రం పెళ్ళాం దగ్గర అద్దెకి తీసుకున్నాడు అంటారు, రాయిస్ కూడా నవ్వేవాడు, అద్దె కాదురా, ఐసుపెట్టెనిండా మాంసం, వాటా పెట్టుకున్నాం అనేవాడు, ఆర్విల్లా పైకి నవ్వకపోయినా లోపల ఎంత గర్వంగా ఉండేదో, బడిలో పెద్దగా చదివింది లేదు, పాట రాదు, కుట్టుపని కూడా అంతంతమాత్రం, కానీ ఎండుగడ్డిలో ఎండుగడ్డి రంగున పడుకున్న జింక చెవి ఒక్కటి కదిలితే పట్టుకోగలదు, ఆ గట్టు మీద ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కూతురూ కాదు, ఆ గట్టు పోతే తనకి ఏం మిగులుతుంది, చలికాలమంతా ఈ వంటిల్లూ ఈ బల్బూ.

పోవడమేమిటి, పోదు, అద్దాలు మార్చుకుంటే సరిపోతుంది, పోయిన నవంబరులో తప్పంతా ఆ పాత జతది, ఎడమ గొట్టంలో ఆవిరి పట్టేసింది, ఎంత తుడిచినా లోపలి చెమ్మ పోదు, అందుకని ఎడమ కన్ను మూసి కుడికంటితోనే చూసింది, ఎవరైనా అదే చేస్తారు, చలి, కళ్ళలో నీళ్ళు, మగజింక ఏటవాలులో అడ్డంగా నిలబడింది, కొమ్ములు స్పష్టంగా కనిపించాయి, అంచుల్లో అన్నీ స్పష్టంగానే ఉన్నాయి, ఎడమన ఎర్రరాయి, కుడిన జునిపర్ పొద, నడుమ మాత్రం కాస్త మసక, ఆ మసకలో ఏమీ లేదు, ఏమీ లేదనే చూసింది, టోపీ తీసి గుండెకి ఆనించుకుంది, తూటా పేలింది, జింక ఎగిరి పరుగెత్తింది, దాని వెనక రాతి మీద తెల్లగా దుమ్ము లేచింది, ఆ దుమ్ము పక్కనుంచి లీలండ్ లేచి నిలబడ్డాడు, వాగవతల గోధుమచేలున్న లీలండ్ ఫాస్, ఒంటి మీద నారింజరంగు కోటు, మైలు దూరం నుంచి గుడ్డివాడికి కూడా కనబడాలని గవర్నమెంటు వేయించే నారింజరంగు, రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడ్డాడు, చాలాసేపు నిలబడ్డాడు, ఆర్విల్లా చేతిలో టోపీ ఇంకా గుండె మీదే ఉంది, ఎవరో చనిపోయినప్పుడు పట్టుకున్నట్టు.

తరువాత కిందికి దిగివచ్చి లీలండే ముందు నవ్వాడు, ఏంటోయ్ రాయిస్, మీ ఆవిడకి నేను మగజింకలా కనిపించానా, ఈసారి ముందే చెప్పండి, గడ్డం గీసుకుని వస్తాను అన్నాడు, రాయిస్ మొహం సున్నంలా అయిపోయింది, ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు, సగం మంచులో ఒలికింది, వెలుతురు చాలలేదు లీలండ్ అన్నాడు, అవునవును, వెలుతురు చాలలేదు అన్నాడు లీలండ్, అద్దాలు కూడా పాడైపోయాయి అంది ఆర్విల్లా, అవును అవి కూడా, అలా ముగ్గురూ కలిసి ఆ ఉదయం ఒక మాటకి వచ్చేశారు, ఆ తరువాత కాఫీ హోటల్లో లీలండ్ ఆ కథ ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పినప్పుడల్లా తూటా కాస్త దూరం జరుగుతూ వచ్చింది, వేసవికల్లా అది పక్క లోయలో పడ్డట్టు అయిపోయింది, అందరూ నవ్వేవారు, ఆర్విల్లా కూడా, కానీ ఒకటి గమనించింది, గమనించడమే కదా ఆమె పని, ఆ వారం నుంచీ లీలండ్ వేటకి వాగు ఇవతలికి రాలేదు, పుట్టినప్పటినుంచీ వేటాడిన కొండ, వేటకి పొంచి కూర్చోడానికి వాళ్ళ తాత కట్టిన రాతి మరుగు ఉన్న కొండ వదిలేసి, జింకలు సరిగా దొరకని అవతలి మిట్టల్లో కూర్చుంటున్నాడు, ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

పెరటి తలుపు చప్పుడైంది, రాయిస్ బూట్లు విప్పకుండానే వచ్చాడు, విప్పమంటే ఒక నిమిషానికే కదా అంటాడు, ఆ నిమిషంలోనే వంటింటి నిండా బంకమట్టి, ఏమే ఆర్వీ, పెళ్ళికొడుకుని తేల్చావా లేదా అంటూ కుర్చీ లాక్కున్నాడు, ఎనిమిదా పదా అని ఆలోచిస్తున్నాను అంది, రెండూ కలిపి పద్దెనిమిది తీసుకో అన్నాడు, పళ్ళెంలోంచి ఒక చెర్రీ నోట్లో వేసుకుని మొహం చిట్లించి, పచ్చిదే ఇది, ఇవి ఏరినవా ఏరాల్సినవా అన్నాడు, ఏరాల్సినవే అని అబద్ధం చెప్పింది, ఏరిన గిన్నె కొంచెం తనవైపు జరుపుకుంది, అతను చూడలేదు, లేదా చూసీ ఊరుకున్నాడు, అతని సంగతి ఎప్పుడూ చెప్పలేం, మొన్న వసంతంలో కరెంటు స్తంభం నడుమ వంగిపోయింది, కంపెనీ వాళ్ళకి ఫోన్ చెయ్యి అని పోరితే, చెయ్యకుండా తనే వెళ్ళి తాడుకి రాయి కట్టి వేలాడదీసి చూసి వచ్చాడు, నిటారుగానే ఉందే, నువ్వే వంగావేమో అని నవ్వాడు, ఆమె కూడా నవ్వింది, మర్నాడు మళ్ళీ చూస్తే స్తంభం వంగే ఉంది, కిటికీ అద్దం పాతది, పాత అద్దంలో అన్నీ వంకరగానే కనిపిస్తాయి అనుకుంది, ఆ తరువాత కంచె కర్రలు కూడా, గుమ్మం చట్రం కూడా, ఇల్లు ఒక పక్కకి కుంగుతోంది కాబోలు అనుకుంది.

పదిని వదిలెయ్, వణుకుతుంది అన్నాడు రాయిస్, వెనక అద్దంలో బిళ్ళ చూశావా, అదీ కోసుకుపోయింది, చూశాను అంది, మరి ఎనిమిది తీసుకో, అది తీసుకుంటే దుర్భిణి రాదు, రాకపోతే పోనీ, దుర్భిణి లేకపోతే వెనకున్నది ఎలా తెలుస్తుంది రాయిస్, అయితే మూడూ ఉంచేసుకో, మిగతా డబ్బు నేను చూసుకుంటాను అన్నాడు, లేచి దుర్భిణిని కిటికీ దగ్గరికి జరిపి స్టాండు కాళ్ళు సర్ది, వాడినదే అయినా బాగానే ఉంచుకున్నారు, అరవై రెట్ల దాకా వెళ్తుంది గానీ నలభై దాటితే అంతా పాలపొగే, ఇరవైలో పెట్టి చూడు, అదిగో కరెంటు స్తంభం మీది నంబరు, చదువు, నేను చదివేశాను, నువ్వు చదివి చెప్పు అన్నాడు, ఆమె చేతులు తుడుచుకుని వచ్చి కుడికన్ను ఆనించింది, ఎప్పుడూ కుడికన్నే, స్తంభం వచ్చింది, గుండ్రంగా వెలుతురు, చుట్టూ గడ్డి ఒక్కొక్క పోచా, పైన తీగ, కింద రాళ్ళు, నంబరు పలక ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు, వేలితో రుద్దేసినట్టు.

మరక ఉంది దీని మీద అంది, ఎక్కడ అన్నాడు, సరిగ్గా నడుమ, అతను వంగి చూశాడు, ఏమీ లేదే, అద్దంలా ఉంది, ఉంది రాయిస్, నువ్వు సరిగ్గా చూడలేదు, మెత్తటి గుడ్డ తెచ్చి ముందు అద్దం తుడిచింది, కంటి దగ్గర అద్దం ఆవిరి ఊది తుడిచింది, మళ్ళీ ఆనించింది, అక్కడే ఉంది, అమ్మినవాడు మోసం చేశాడు, లోపల బూజు పట్టి ఉంటుంది, బూజు ఎక్కడుందో తెలుసుకోవడం ఆమెకి కొత్త కాదు, కంటి దగ్గర ముక్కని మెల్లగా తిప్పాలి, మరక కూడా తిరిగితే అది ఆ ముక్కలో ఉన్నట్టు, తిరగకపోతే ముందు అద్దంలో ఉన్నట్టు, తిప్పింది, తిరగలేదు, అయితే ముందు అద్దమే, ముందు అద్దమే అయితే మొత్తం దుర్భిణిని పక్కకి దొర్లించాలి, స్టాండు మెడలో మర వదులు చేసి దుర్భిణిని దాని గాడిలోనే దొర్లించింది, లోకం తిరగలేదు, మరకా తిరగలేదు, కొండవైపు తిప్పితే మరక కొండ మీదికి వచ్చింది, ఆవు వైపు తిప్పితే ఆవు తల పోయింది, తల లేని ఆవు తాపీగా మేస్తోంది, దుర్భిణి మీంచి కన్ను తీసి, కుడికంటితోనే, రాయిస్ వైపు చూసింది, అతని టోపీ ఉంది, చెవులు ఉన్నాయి, కాలర్ ఉంది, మొహం ఉండాల్సిన చోట అదే బూడిదరంగు మరక.

అమ్మ, అమ్మ చివరి రోజుల్లో మనిషితో మాట్లాడుతూ అతని భుజం పక్కకి చూసేది, చర్చిలో ఎవరు పలకరించినా మొహం తిప్పుకునేది, పొగరు ఎక్కువైందని అనుకున్నారు జనం, పాస్టరు భార్య వచ్చి మీ అమ్మగారికి మా మీద కోపమా అని కూడా అడిగింది, కోపం కాదు, నడుమ చూపు పోయింది, పక్కచూపే మిగిలింది, మనిషి మొహం చూడాలంటే మొహం తిప్పుకోవాలి, కాఫీ కప్పు పక్కన పోసేది, పోసి, ఈ బల్ల వంకరగా ఉందే అనేది, బల్ల వంకర, వీధి వంకర, అల్లుడు వేసిన గుమ్మం వంకర, డాక్టరు చెప్పేదాకా అందరి పనితనం మీదా తప్పు పెడుతూనే ఉంది, అప్పుడు ఆర్విల్లాకి ఎంత విసుగు వచ్చేదో, పోనీ నీ కళ్ళే వంకరేమో చూసుకోవమ్మా అని ఒకసారి అనేసింది కూడా, ఇంకో రెండు చలికాలాలకి అమ్మకి రెండో కన్నూ పోయింది.

ఎడమకన్ను, ఎడమకన్నుంది కదా, గబగబా ఎడమకన్ను ఆనించింది, నంబరు కనిపించింది, అంకెలు నల్లగా, చక్కగా, చదివి చెప్పింది, రాయిస్ హమ్మయ్య అన్నట్టు, అదీ, చూశావా, బంగారంలాంటి దుర్భిణి అన్నాడు, ఒక్క క్షణం ఆమెకి ఎంత తేలికైపోయిందో, ఇంకేం, ఎడమకంటితో చూస్తే సరి, ఎవరికి తెలుస్తుంది, ఎనిమిది రెట్ల జత తీసుకుంటే రెండు కళ్ళూ కలుస్తాయి, ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది, దుర్భిణికి ఎడమకన్ను, తల కాస్త పక్కకి వాల్చాలి, గట్టు మీద ఎవరూ లేరు చూడ్డానికి, కొత్త అద్దాలూ, మంచి వెలుతురూ, ఈ ఏడాదికి గడిచిపోతుంది, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది, అలా అనుకుంటూనే కుడికన్ను చేత్తో మూసి ఎడమకంటితో గుమ్మం చట్రం వైపు చూసింది, చట్రం నిటారుగా దిగి, తలుపు గొళ్ళెం దగ్గరికి వచ్చేసరికి కొంచెం, వేలి గోరంత, లోపలికి వంగింది, ఇల్లు కుంగడం లేదు, ఇల్లు ఎప్పుడూ కుంగలేదు.

ఈ నవంబరులోనూ కింద వాగులో రాయిస్ పడుకుని ఉంటాడు, బూట్లలో కాళ్ళు కొంకర్లు పోతూ, కళ్ళన్నీ టోపీ మీదే పెట్టి, ఆమె తల ఎటు వాల్చిందో, ఏ కంటితో చూసిందో, చూసిందో లేక చూశాననుకుందో అతనికి తెలియదు, టోపీ ఒక్కటే తెలుసు, అద్దం మంచిదా చవకదా అన్నది కూడా ఆ టోపీకి తెలియదు, మూడు వందలు పెట్టినా మూడు వేలు పెట్టినా టోపీ ఒకేలా గుండె మీదికి వస్తుంది, లీలండ్ నిలబడ్డ చోట ఇంకోసారి ఇంకొకరు ఉంటారు, ఏ కొత్తగా పెళ్ళైన పిల్లో, మొదటిసారి వేటకి వచ్చిన ఏ టీచరో, నారింజరంగు కోటు వేసుకుని, అందరికీ కనిపిస్తున్నాననే ధైర్యంతో కూర్చుని ఉంటారు, అందరికీ కనిపిస్తారు, ఆమె కుడికంటి నడుమ పడితే తప్ప, ఇక చెప్పాలి, అమ్మలా బల్ల మీదా గుమ్మం మీదా నెపం వేస్తూ కూర్చోకూడదు, రాయిస్ ఏమంటాడు, ఏమన్నా అననీ, కోపగించుకుంటే ఫరవాలేదు, జాలిపడతాడేమోనని భయం, చెయ్యి పట్టుకుని నడిపిస్తాడేమోనని భయం.

రాయిస్, ఈ ఏడు నేను ఆ గట్టు ఎక్కను.

మోకాలు నొప్పా అన్నాడు, కాదు అంది, నా కుడికంటికి నడుమ ఏమీ కనిపించడం లేదు, నీ మొహం కనిపించడం లేదు, రెండోదానికీ మొదలైంది, మా అమ్మకి వచ్చిందే ఇది, పోయిన నవంబరులో పాడైంది అద్దాలు కాదు, అంది, చాలా మామూలుగా అంది, పంచదార అయిపోయింది అన్నట్టు, అతను దుర్భిణికి మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు, డాక్టరు దగ్గరికి వెళ్దాం, బిల్లింగ్స్‌లో కళ్ళ డాక్టరు ఉన్నాడు, ఈ మూడూ రేపు ఈనిడ్‌కి ఇచ్చేద్దాం, ఆ డబ్బు దానికి పెడదాం అన్నాడు, వెళ్దాం అంది, అయినా ఆ రోజు వెలుతురు కూడా సరిగా లేదు ఆర్వీ, లీలండే అన్నాడు కదా, వాడు ఎప్పుడో మరిచిపోయాడు, అన్నాడు, వెలుతురు బాగానే ఉంది రాయిస్, ఆమె నెమ్మదిగా అంది, నాకు కొమ్ముల చీలికలు కూడా కనిపించాయి, లీలండ్ మరిచిపోలేదు, మరిచిపోతే వాళ్ళ తాత కొండ వదిలి అవతల మిట్టల్లో ఎందుకు కూర్చుంటాడు.

ఆమె కిటికీ వైపు మొహం తిప్పింది, అలా తిప్పితేనే అతని మొహం అంచు మీద కనిపిస్తుందని ఇప్పుడు తెలిసింది, కనిపించింది కూడా, అతను బల్లని చూస్తున్నాడు.

నేను చూడలేదు ఆర్వీ, నువ్వు టోపీ తియ్యగానే కాల్చాను, జింక వెనకేముందో నేనెన్నడూ చూడలేదు.

ఆమెకి ఏదో అనాలనిపించింది, నీ తప్పేముందిలే అనో, మన పద్ధతే అంత అనో, కానీ వాటికంటే ముందు ఇంకో సంగతి వచ్చి నిలబడింది, పికప్ టైరుకి అతుకు మీద అతుకు వేయించి నడిపే మనిషి, కోటు గుండీ ఊడితే తీగతో కట్టుకునే మనిషి, అద్దాలకి మూడు వందలు కావాలని వేసవిలో ఆమె అడగ్గానే ఎందుకూ అని కూడా అనలేదు, బేరం చెయ్యలేదు, ఆ సాయంత్రమే ట్రాక్టరు విడిభాగాలు అమ్మి డబ్బాలో వేశాడు, ఇప్పుడైతే మూడూ ఉంచేసుకో అన్నాడు, అప్పుడు ప్రేమ అనుకుంది, ప్రేమ కాకపోలేదు, కానీ ఆ పాత జత పాడైపోయి ఉండాలని ఆమెకి ఎంత అవసరమో అతనికీ అంతే అవసరం, ఆమె కంటిని కాపాడుకోవడానికి, అతను తుపాకీ పేల్చిన తన వేలిని కాపాడుకోవడానికి, ఇద్దరూ ఇన్ని నెలలుగా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎనిమిదా పదా అని మాట్లాడుకున్నారు, ఎనిమిదీ కాదు పదీ కాదు, లీలండ్ చేతులెత్తి నిలబడ్డప్పుడు వాళ్ళిద్దరిలో ఒక్కరూ అతని దగ్గరికి నడిచి వెళ్ళలేదు, అతనే దిగి వచ్చాడు, అతనే ముందు నవ్వాడు, క్షమించమన్న మాట ఈ ఇంట్లోంచి ఇంతవరకూ బయటికి వెళ్ళలేదు.

రాయిస్ కుర్చీ వెనక్కి జరిగింది, ఆమె తల తిప్పలేదు, పక్కచూపులోనే అతను కొక్కేనికున్న కోటు తీసుకోవడం, తీసుకుని మళ్ళీ తగిలించేయడం కనిపించింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, పికప్ స్టార్టయిన చప్పుడు వినిపిస్తుందేమోనని చూసింది, వినిపించలేదు, చొక్కాతోనే, నడిచే, వాగు వైపు, దాని అవతల లీలండ్ ఇల్లున్న వైపు వెళ్తున్నాడు.